కడప ఎండకు నిలిచిన బేస్: పదకొండేళ్ల వాడకం తర్వాత

మే నెల మధ్యాహ్నం ప్రొద్దుటూరులో ఒక రిసెప్షన్‌కు సౌండ్ చెక్ చేస్తున్నాం. చెయ్యి నా బేస్ గిటార్ నెక్ (మెడ) మీద పైకీ కిందికీ జరుపుతుంటే అరచేతి అంచు చురుక్కుమంది. చూసుకుంటే సన్నగా గీత పడి రక్తం. ఫ్రెట్ల (మెడకు అడ్డంగా బిగించిన లోహపు పట్టీల) కొసలు నెక్ పక్కనుంచి రంపపు పళ్లలా పొడుచుకొచ్చి ఉన్నాయి. గిటార్ కొని అప్పటికి ఎనిమిది నెలలే. మోసపోయాననుకున్నా. తర్వాత తెలిసింది, అది ఎండ పని అని. చెక్క ఎండితే కుంచించుకుపోతుంది. ఫ్రెట్ లోహం కదా, అది ఉన్నంత ఉంటుంది. చెన్నై తడి గాలిలో షాపులో వేలాడిన వాద్యాన్ని కడపకు తెస్తే, ఏ కంపెనీదైనా, మొదటి వేసవిలో ఎంతో కొంత ఇదే జరుగుతుంది.

నేను ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయిస్తా. పెళ్లిళ్ల సీజన్‌లో రిసెప్షన్లు, దసరాకు ప్రొద్దుటూరు స్టేజీలు, డిసెంబరంతా చర్చి ప్రోగ్రాములు, ప్రతి ఆదివారం పొద్దున ఆరాధన. ఇల్లు గడిచేది దీంతోనే. కాబట్టి బేస్ ఎంత బాగా మోగుతుందనేది నాకు రెండో ప్రశ్న. రాత్రి పదకొండింటికి బద్వేలులో పాట మధ్యలో ఆగిపోకుండా ఉంటుందా, ఆగితే కడపలోనే బాగుచేయించుకోగలనా అనేది మొదటిది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లు "ఏ బేస్ కొనాలన్నా" అని అడిగినప్పుడల్లా నేను ఇక్కడినుంచే మొదలుపెడతా.

2014 సెప్టెంబరులో రైలెక్కి చెన్నై పోయి కొన్నది యమహా టీఆర్‌బీఎక్స్174. నాలుగు తీగలు, 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), 24 ఫ్రెట్లు, బ్యాటరీ అక్కర్లేని పాసివ్ సర్క్యూట్. నెక్ వైపు పీ రకం పికప్ (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది), బ్రిడ్జి వైపు జే రకం. రెండింటికీ విడివిడిగా వాల్యూమ్, మొత్తానికి ఒక టోన్. షాపులో మూడు గంటలు కూర్చుని ఏడెనిమిది వాయించి దీన్ని పట్టుకొచ్చా. ధర ఒక కారణం, నిజమే. అసలు కారణం మాత్రం నెక్. నా చేతివేళ్లు పొట్టివి, మొదటి ఫ్రెట్ దగ్గర నాలుగు వేళ్లూ సాగదీయకుండా ఆనింది ఇదొక్కటే.

పీ, జే అనే పేర్లు రెండూ ఫెండర్ అనే గిటార్ కంపెనీ నుంచి వచ్చినవే. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. ఫ్రెట్లు ఉండటంతో స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు పెట్టారు. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒక ముక్క చుట్టను ఇంకోదానికి ఎదురుగా తిప్పారు. 1960లో జాజ్ బేస్ వచ్చింది. ఈ చరిత్ర మన ఊరి పెళ్లి పందిరికి ఎందుకు పనికొస్తుందంటే, మన స్టేజీ చుట్టూ సీరియల్ సెట్లు, డిమ్మర్లు, ఎల్ఈడీ పార్‌లైట్లు, వెనక జనరేటరు. గాలిలో కరెంటు రొద అంతా ఇంతా కాదు. రెండు ముక్కల పీ పికప్‌లో ఎదురెదురు చుట్టలు ఆ రొదను చాలావరకు కొట్టేసుకుంటాయి. జే రకం సింగిల్ కాయిల్ (ఒకే చుట్టది) ఒక్కటే తెరిస్తే, అది ఎవరు చేసిన పికప్ అయినా, బుర్రుమంటుంది. పదకొండేళ్లలో నేను బయట ఫంక్షన్లలో జే ఒక్కదాన్నే వాడింది లేదు. పీ నిండుగా, జే పావువంతు, టోన్ సగం. పాత పాటలకు కుడిచేతి అంచును బ్రిడ్జి మీద ఆనించి బొటనవేలితో వాయిస్తే ఎనభైల నాటి రికార్డుల్లో వినిపించే ఆ గుండ్రటి శబ్దం దగ్గరదగ్గరగా వస్తుంది. దానికోసం వేరే గిటార్ కొనాల్సిన పని రాలేదు.

ఐదు తీగల బేస్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేను చాలా డబ్బు పెట్టా. చర్చిలో పాడేవాళ్లు గొంతును బట్టి శ్రుతి దింపుతారు. ఈ పాట డి, తర్వాతిది సి షార్ప్. కీబోర్డ్ వాయించేవాళ్లు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి నిశ్చింతగా ఉంటారు. బేస్‌కు ఆ బటన్ లేదు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం పలికే తీగ ఈ (E), దాని కింద స్వరాలు లేవు. అందుకని 2018లో అప్పు చేసి ఒక యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) ఐదు తీగల బేస్ తెచ్చుకున్నా. చేతికి హాయిగా ఉండేది, నిజాయితీగా చెబుతున్నా. సి షార్ప్‌లో పాట వచ్చినా వేళ్లు ఐదో ఫ్రెట్ దగ్గరే తిరుగుతాయి, మొదటికి పరుగెత్తాల్సిన పని లేదు.

అయితే ఆ లోతు జనానికి వినిపిస్తుందా? ఈ (E) తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఐదు తీగల బేస్‌లో దానికన్నా కిందిదైన బీ (B) తీగ 31 సార్లు. మన వైపు అద్దెకొచ్చే మామూలు 15 అంగుళాల స్పీకర్ బాక్సులు 45, 50 హెర్ట్జ్ దాటి కిందికి పోయేసరికి నీరసిస్తాయి. బీ తీగ అసలు స్వరం వాటిలో పలకదు, దాని పై స్వరాలే పలుకుతాయి. బాక్సులు మరీ చిన్నవైతే మిగిలేది ఒట్టి గొణుగుడు. ముందు వరుసలో పెద్దాయన చెయ్యెత్తి "ఆ బేసు కొట్టే ఆయప్పను రోంత తగ్గిచ్చమను" అంటే అది తరచూ ఈ గొణుగుడు వల్లే.

పైగా యాక్టివ్ సర్క్యూట్. లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ప్రీయాంప్ (సిగ్నల్ పెంచే) బోర్డు. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా. భోజనాల విరామంలో కేబుల్ పీకడం నేర్చుకున్నా, జేబులో రెండో బ్యాటరీ పెట్టుకున్నా. కానీ 2019 డిసెంబరులో, ప్రోగ్రాముల నడుమ, బోర్డే పోయింది. కడపలో టీవీలు బాగుచేసే ఆయన తెరిచి చూసి "ఈ చిప్పు నాకు దొరకదు నాయనా" అన్నాడు. కొన్న షాపుకు పంపితే పది వారాలు పట్టింది. క్రిస్మస్ పోయింది, కొత్త సంవత్సరం పోయింది. ఆ పది వారాలూ నన్ను కాపాడింది ఈ పాసివ్ బేసే. ఈ (E) తీగను ఒక స్వరం దించి డి చేసుకున్నా, సి షార్ప్ పాటల్లో ఒక ఆక్టేవ్ పైన వాయించా. వచ్చి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఐదు తీగలు వద్దనను. వారంవారం నాలుగైదు శ్రుతులు మారే చర్చిలో వాయించేవాళ్లకు అది పనికొస్తుంది. కొనేటప్పుడు బోర్డు చచ్చినా పాసివ్‌గా మోగించే స్విచ్ ఉందో లేదో చూసుకోండి. ఆ స్విచ్ లేనిదాన్ని నేను మళ్లీ కొనను. పాసివ్ బేస్‌లో ఉండేవి రెండు మూడు పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పే నాబ్‌ల కింది భాగాలు), ఒక కెపాసిటర్, ఒక జాక్. నాది జాక్ రెండుసార్లు వదులైంది, వాల్యూమ్ పాట్ ఒకసారి కరకరలాడింది. స్పానర్, సోల్డరింగ్ ఐరన్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, అంతే. అరగంట పని.

ఇక ఎండ సంగతి. ఆ మే నెల తర్వాత సన్న ఆకురాయి ఒకటి కొని, ఫింగర్‌బోర్డ్ మీద టేపు అంటించి, ఫ్రెట్ల కొసలు ఏటవాలుగా అరగదీశా. ఒకసారి చేస్తే చాలు, చెక్క ఆ తర్వాత అంతగా తగ్గదు. ఏడాదికి రెండుసార్లు ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీ) చూడాలి. ఏప్రిల్‌లో గాలి ఎండిపోతే నెక్ వెనక్కి లాగుతుంది, తీగలు ఫ్రెట్లకు దగ్గరై గరగరమంటాయి. అక్టోబరు, నవంబరు వానలకు చెక్క ఉబ్బి నెక్ ముందుకు వంగుతుంది, తీగలు లేస్తాయి, వేళ్లు నొప్పెడతాయి. కొలిచే పద్ధతి తేలిక: ఈ (E) తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉండాలి. లేకపోతే అలెన్ కీ పావు తిప్పు, ఒక రాత్రి ఆగి మళ్లీ చూడటం. ఒకేసారి గట్టిగా తిప్పితే రాడ్ తెగుతుంది, నెక్ పోతుంది.

నాది రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్. తీగలు మార్చిన ప్రతిసారీ ఫింగర్‌బోర్డ్‌ల కోసమే అమ్మే నూనె రెండు చుక్కలు తుడుస్తా. ఇంట్లో ఉంది కదాని కొబ్బరినూనె పూయొద్దు, కొన్నాళ్లకు ముక్కిపోయి జిగురవుతుంది. చెక్క మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి: మా శేషాచలం కొండల ఎర్రచందనంతో జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడలు చేస్తారు. ఆ దుంగలు ఎంతో విలువని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నా, ఆ విలువలో ఒక వాద్యం వాటా కూడా ఉందని బేస్ పట్టాకే తెలిసింది. తెలిసిన రోజు మనసుకు ఎంతో బాగుండింది.

స్ట్రింగ్స్‌కు నేను స్థిరపడింది డాడారియో ఈఎక్స్ఎల్170, నికెల్ రౌండ్‌వౌండ్, మందం 45 నుంచి 100 (అంగుళంలో వెయ్యో వంతుల్లో). సెట్టు ఖరీదైనదే కాబట్టి ఆలోచించి మార్చాలి. మన చెమటకు ఆరు వారాల్లో మెరుపు పోతుంది. ప్రతి ప్రోగ్రాం అయ్యాక పొడిగుడ్డతో ఒక్కొక్క తీగనూ కిందినుంచి కూడా తుడిస్తే మూడు నెలలు వస్తాయి. పాత తీగలు విప్పి నీళ్లలో పది నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి మళ్లీ ఎక్కిస్తే రెండు మూడు వారాలు కొత్తవాటిలా పలుకుతాయి. సీజన్ మధ్యలో ఇది నన్ను చాలాసార్లు ఆదుకుంది. ఫ్లాట్‌వౌండ్ ఒక ఏడాది వాడా. ఏళ్లు నిలుస్తాయి, పాత పాటలకు అందంగా ఉంటాయి, డీజే బాక్సుల మధ్య మాత్రం మునిగిపోతాయి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది డీఐ బాక్సు (బేస్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపే చిన్న డబ్బా), ఎర్తింగు గురించి. మైదుకూరు దగ్గర ఒక పల్లెలో, జనరేటరు మీద ప్రోగ్రాం. కోరస్ పాడదామని మైకు దగ్గరికి వంగా. పెదవి తగిలీ తగలకముందే దవడ దాకా షాక్ కొట్టింది. రెండు చేతులూ తీగల మీదే ఉన్నాయి. ఎందుకంటే బేస్ తీగలు బ్రిడ్జి కింద వైరుతో గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి, అక్కడినుంచి కేబుల్ ద్వారా యాంప్ బాడీకి. యాంప్ ఒక కరెంటు బోర్డులో, మిక్సర్ ఇంకో బోర్డులో, రెంటికీ ఎర్త్ సరిగా లేదు. ఆ రెంటి మధ్య ఉన్న తేడా అంతా నా ఒంట్లోంచి పోయింది. ఆ రాత్రి నాకేమీ కాలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు వణికింది.

ఆ తర్వాత సొంత యాంప్ స్టేజీకి తీసుకుపోవడం దాదాపు మానేశా. బెహ్రింగర్ డీఐ100 ఒకటి కొన్నా, ఏడేళ్లుగా అదే. బేస్ దాంట్లోకి, దాంట్లోంచి నేరుగా మిక్సర్‌కు. అప్పుడు బేసూ మైకూ ఒకే మిక్సర్ గ్రౌండ్ మీద ఉంటాయి, కాబట్టి డీఐ మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (గ్రౌండ్ కలయికను తెంచేది) జోలికి పోను. మిక్సర్‌లో ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్‌లోంచే వచ్చే కరెంటు) ఉంటే దాంతో నడుస్తుంది, లేకుంటే తొమ్మిది వోల్టుల బ్యాటరీతో. పాసివ్ బేస్‌ను డీఐ లేకుండా ముప్పై మీటర్ల కేబుల్‌తో మిక్సర్‌కు పెడితే పై స్వరాలు దారిలోనే చచ్చిపోతాయి, రొద వచ్చి చేరుతుంది. సౌండ్ ఆయన దగ్గర డీఐ ఉంటుందని నమ్ముకోవద్దు, మీది మీరు తీసుకుపోండి.

యాంప్ తప్పనిసరైతే, దాన్నీ మిక్సర్‌నూ ఒకే బోర్డులోంచి తీసుకోమని అడుగుతా. పాడేముందు టెస్టర్ మైకు జాలీకి ఆనించి చూస్తా. మైకుకు స్పాంజి తొడుగు వేసుకుంటా. గ్రౌండ్ లిఫ్ట్ రొద తగ్గించడానికే, షాక్‌కు అది మందు కాదు. బుర్రుమంటోందని యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లను చూశా. దయచేసి ఆ పని చెయ్యొద్దు, ప్రాణం పోతుంది.

మిగతావి చిన్నవి. స్ట్రాప్ మూడంగుళాల వెడల్పుది తీసుకోండి, నాలుగు గంటలు నిలబడేవాళ్లకు భుజం మిగులుతుంది. ట్యూనర్ పెడల్ రకం అయితే నొక్కగానే శబ్దం ఆగి మౌనంగా శ్రుతి చేసుకోవచ్చు. మందపాటి గిగ్ బ్యాగ్ పల్లెవెలుగు బస్సుకు చాలు, కానీ అద్దాలు మూసిన కారులో ఎండకు బేస్ వదలొద్దు, అరగంట కూడా.

ఇప్పుడు నా బేస్‌కు మూడో, ఐదో ఫ్రెట్ల మీద ఈ (E), ఏ (A) తీగల కింద గుంతలు పడ్డాయి. ఆ చోట స్వరం కొంచెం చిట్లుతోంది. ఫ్రెట్లు మార్పించే ఖర్చు కొంచెం ఎక్కువే, ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది కదా అని ఇంట్లో అంటున్నారు. ఈ నెక్ నా చేతికి ఇంతగా అలవాటయ్యాక కొత్తది నాకొద్దు. పుష్యమాసంలో ఎలాగూ ముహూర్తాలుండవు. అప్పుడు రైలెక్కి చెన్నై తీసుకుపోతా.