టీ-33 ప్లాస్టిక్ మోడల్ కిట్ (1/72): మతియుర్ రహ్మాన్ విమానం చేయడానికి పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ డబ్బాలో వచ్చే డికాల్స్‌తో (విమానం మీద అంటించే గుర్తులతో) కాదు. ఈ కిట్లలో ఎక్కువగా అమెరికా గుర్తులే ఉంటాయి. 1971 ఆగస్టు 20న కరాచీ మస్రూర్ వైమానిక స్థావరం నుంచి పాకిస్తాన్ వైమానిక దళంలోని బెంగాలీ అధికారి ఫ్లైట్ లెఫ్టినెంట్ మతియుర్ రహ్మాన్, బంగ్లాదేశ్ విముక్తి పోరాటంలో చేరేందుకు భారత్ వైపు మళ్లించబోయిన శిక్షణ విమానం పాకిస్తాన్‌ది. దాని మీద ఉండాల్సినవి ఆకుపచ్చ-తెలుపు గుండ్రాలు. వాటిని విడిగా కొనుక్కోవాలి. ఆయన బంగ్లాదేశ్ వీరుడు కదా అని ఎరుపు-ఆకుపచ్చ అంటిస్తే తప్పు. బంగ్లాదేశ్ వైమానిక దళం పుట్టింది సెప్టెంబరు 28న, అంటే ఆయన చనిపోయిన 39 రోజులకు. ఏ సైన్యాన్ని ఎదిరించదలచారో ఆ సైన్యం విమానాన్నే ఆయన పట్టుకుపోబోయారు. ఆ మొండితనం కనిపించేది పాకిస్తాన్ గుర్తుల్లోనే.

1/72 అంటే అసలు విమానంలో 72వ వంతు కాబట్టి, పూర్తయ్యాక మోడల్ పొడవు సుమారు 16 సెం.మీ. ముక్కులో బరువు వేయకపోతే తోక మీద కూలబడుతుంది, ఎందుకంటే వెనక చక్రాలు రెక్కల కింద, బరువు వాటి వెనక. శరీరం రెండు సగాలూ అతికించాక చేసేదేమీ ఉండదు. ముందే భాగాలన్నీ టేపుతో బిగించి, వెనక చక్రాలొచ్చే చోట పెన్సిల్ మీద నిలబెట్టి, ముక్కు కిందికి వాలేదాకా సీసపు గుళ్లు వేస్తూ పోవాలి. ఒకట్రెండు ఎక్కువే వేయండి, రంగులూ డికాల్సూ వెనక్కే బరువు పెంచుతాయి.

అసలు కష్టం వెండి రంగు. మామూలు రంగు దాచే అతుకుల్ని అల్యూమినియం రంగు బయటపెడుతుంది. రెక్కల కొసల ట్యాంకుల అతుకులు మరీ మొండివి. పుట్టీ పెట్టి 400, 800, 1500, 2000 నంబరు గరుకు కాగితాలతో వరసగా రుద్దాలి; మధ్యలో ఒకటి వదిలితే ఆ గీతలు వెండిలో తేలతాయి. నిగనిగలాడే నలుపు అడుగుపూతగా వేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, ఆపైన అల్యూమినియం పలచగా రెండు మూడు పూతలు. డికాల్‌లోని తెల్ల గుండ్రం పలచనైతే కింది వెండి కనబడి బూడిదరంగులోకి తిరుగుతుంది, అడుగున తెల్లచుక్క వేస్తే సరి. కాక్‌పిట్ అద్దం ముందు ముక్కు మీద వేసే నలుపు మాత్రం నిగనిగలాడకూడదు. అది పైలట్ కంట్లో మెరుపు పడకుండా వేసేది.

కాక్‌పిట్‌లో బొమ్మలు పెడితే ఇద్దరినీ పెట్టండి: ముందు శిక్షణలో ఉన్న రషీద్ మిన్హాస్, వెనక మతియుర్. కదులుతున్న విమానాన్ని ఆపించి ఎక్కిన మతియుర్‌కు పారాచూట్ లేదు, కాబట్టి వెనక బొమ్మకు ఉన్న పట్టీలు గీకేయాలి. విమానం కూలి ఇద్దరూ చనిపోయారు. తమ తమ అత్యున్నత శౌర్య పురస్కారాలైన నిషాన్-ఎ-హైదర్‌ను పాకిస్తాన్ మిన్హాస్‌కు, వీరశ్రేష్ఠను బంగ్లాదేశ్ మతియుర్‌కు ఇచ్చాయి.

పీఠం మీది ఫలకంలో కూలిన చోటు కరాచీ అని రాయకండి, పాకిస్తాన్ సింధ్‌లోని థట్టా. సమాధి అని రాసేటట్లయితే ఢాకా, మీర్పూర్. ఆయన అవశేషాలు కరాచీ నుంచి అక్కడికి చేరింది 2006 జూన్‌లో.