పిస్టల్ మ్యాచ్‌లోకి కార్బైన్: ఏడాది పైనే డ్రాఫ్ట్ రూల్స్‌తో ఆడాక నా రివ్యూ

బెంగళూరులో మా ఎయిర్‌గన్ క్లబ్బులో నెలనెలా జరిగే పిస్టల్ స్టీల్ మ్యాచ్‌లోకి (స్టీల్ ప్లేట్లని టైమ్ మీద పడగొట్టే పోటీ) కార్బైన్లని, అంటే పొట్టి రైఫిళ్ళని కూడా రానివ్వాలని డ్రాఫ్ట్ రూల్స్ పెట్టారు, ట్రయల్ మొదలై ఏడాది దాటింది, నేను మొదటినుంచీ రెండిటితోనూ ఆడుతున్నా, ఒక నెల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) పిస్టల్, ఇంకో నెల పొట్టి పీసీపీ (ముందే నింపిన గాలి ప్రెషర్‌తో కొట్టే) కార్బైన్. ఇప్పుడు దీన్ని పర్మనెంట్ చెయ్యాలా వద్దా అని మెంబర్లందరినీ అడుగుతున్నారు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. నా మాట ముందే చెప్పేస్తా. కార్బైన్ ఉండాల్సిందే, కానీ పిస్టల్‌తో పాటు ఒకే లిస్టులో, అవే ప్లేట్ల మీద మాత్రం వద్దు.

కొత్తవాళ్ళ కోసం కొంచెం. ఈ ఐడియా అమెరికా నుంచి వచ్చింది, అక్కడి పిస్టల్ మ్యాచ్‌ల్లో కార్బైన్ అంటే 9 ఎంఎం లాంటి పిస్టల్ గుండునే పేల్చే పొట్టి రైఫిల్, అక్కడ షూటింగ్ పోటీలు నడిపే సంఘం యూఎస్‌పీఎస్‌ఏ వాళ్ళు 2016లో దాన్ని ప్రొవిజనల్ (తాత్కాలిక) డివిజన్‌గా తెచ్చారు, తర్వాత ఏడాది ఐడీపీఏ అనే ఇంకో సంఘం కూడా చేర్చుకుంది. మనకి 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధిత సైజు), మామూలు మనుషులకి దొరికేది కాదు, కాబట్టి మన దగ్గర ఆట అంతా 4.5 ఎంఎం పెల్లెట్ గన్లతోనే, పెల్లెట్ శక్తి 20 జూల్స్ లోపు ఉంటే ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం లైసెన్స్ కూడా అక్కర్లేదు. అమెరికా రూల్స్‌ని తీసుకొచ్చి ఎయిర్‌గన్లకి అతికించారన్నమాట. కొన్ని చక్కగా అతుక్కున్నాయి, కొన్ని అతకలేదు.

బాగా అతికింది ఏంటంటే సేఫ్టీ భాగం, దీన్ని రాసినవాళ్ళకి నిజంగా దండం పెట్టాలి. పిస్టల్ అయితే బ్యాగులోంచి టేబుల్ మీదకి, టేబుల్ మీంచి బ్యాగులోకి, మధ్యలో దాని మూతి ఎటు తిరిగిందో చూడ్డం తేలిక. కార్బైన్ పొడుగు, చేత్తో పట్టుకుని పక్కకి తిరిగి ఎవరితోనైనా మాట్లాడితే చాలు మూతి వెనక కూర్చున్న పిల్లల మీదుగా తిరిగొస్తుంది. అందుకే లైన్ దాకా కేసులోనే తేవాలి, కేసు లైన్ దగ్గరే ఫైరింగ్ వైపు మూతి పెట్టి తెరవాలి, బ్యారెల్ ఖాళీ అని తెలిసేలా లోపల పొడుగునా రంగు తీగ కనపడాలి అని పెట్టారు. ఆ తీగ కోసం స్పెషల్‌గా ఏమీ కొనక్కర్లేదు, గడ్డి కోసే మెషిన్‌కి వాడే నైలాన్ తీగ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, నారింజ రంగుది తీసుకోండి, మూతి నుంచి కాస్త బయటికి రావాలి. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) ఎయిర్ రైఫిల్ వాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నదే ఇది. ఈ రూల్ ఒక్క అక్షరం కూడా మార్చొద్దని నా ఓటు.

స్టార్ట్ పొజిషన్ విషయానికొస్తే, స్టీల్ ఛాలెంజ్‌లో (అమెరికాలోని స్టీల్ ప్లేట్ల పోటీ) రైఫిల్ వాళ్ళు మూతి ముందున్న గుర్తు వైపు దించి పట్టుకుని మొదలుపెడతారు, మామూలు పిస్టల్ వాళ్ళేమో హోల్‌స్టర్లోంచి తియ్యాలి. మన దగ్గర హోల్‌స్టర్ లేదు, పిస్టల్ టేబుల్ మీంచి తీసుకోవాలి, అది మంచిదే, కానీ కార్బైన్ మాత్రం అప్పటికే భుజానికి ఆనించుకుని ఉంటుంది, బీప్ రాగానే ఎత్తి కొట్టడమే. పిస్టల్ వాడు టేబుల్ మీంచి తీసి, గ్రిప్ సర్దుకుని, సైటు వెతుక్కునేలోపు కార్బైన్ వాడు రెండో ప్లేట్‌కి వెళ్ళిపోయి ఉంటాడు. రెండూ ఆడాను కాబట్టి చెప్తున్నా, ఇది నైపుణ్యంలో తేడా కాదు, స్టార్ట్‌లో తేడా. మరి ఆ రెండు టైములూ ఒకే షీట్‌లో పక్కపక్కన పెట్టి ర్యాంకులు ఇస్తుంటే పిస్టల్ మీద ప్రాణం పెట్టి ప్రాక్టీస్ చేసేవాళ్ళకి ఎలా ఉంటుంది?

ఇంకోటి ఎవరూ మాట్లాడనిది, గ్యాస్. మన పిస్టల్స్ ఎక్కువ 12 గ్రాముల సీఓటూ సిలిండర్ మీద నడుస్తాయి. సీఓటూ ప్రెషర్ టెంపరేచర్ మీద ఆధారపడుతుంది, 20 డిగ్రీల దగ్గర 57 బార్ ఉంటే 15 డిగ్రీలకి 51 దాకా పడిపోతుంది. డిసెంబర్లో పొద్దున్నే ఇక్కడి చలి మీకు తెలుసు కదా. పైగా గబగబా కొడుతుంటే గ్యాస్ ఆవిరయ్యేకొద్దీ సిలిండర్ ఇంకా చల్లబడుతుంది, చివరి ప్లేట్‌కి వచ్చేసరికి పెల్లెట్ వేగం తగ్గిపోయి, సరిగ్గా తగిలినా ప్లేట్ ఊగి ఆగిపోతుంది తప్ప పడదు. రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ప్రెషర్ ఇచ్చే భాగం) ఉన్న పీసీపీ కార్బైన్‌కి ఈ బాధే లేదు, మొదటి షాట్ ఎలాగో పదో షాట్ అలాగే, దానికితోడు పొడుగు బ్యారెల్. చలికాలం మ్యాచ్‌ల్లో పిస్టల్ వాళ్ళు తగిలిన ప్లేట్‌కే రెండోసారి కొట్టుకుంటూ టైమ్ పోగొట్టుకోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది. పొద్దున మ్యాచ్ మొదలయ్యే ముందు ఆ రోజు చలిలో ఒక సీఓటూ పిస్టల్‌తోనే కొట్టి చూసి, పడేంత తేలిగ్గా ప్లేట్లు సెట్ చెయ్యాలి. డ్రాఫ్ట్‌లో ఇది లేదు, రావాలి.

ఇప్పుడు అసలు సంగతి, ప్లేట్ సైజు. ఐఎస్ఎస్ఎఫ్ వాళ్ళని చూడండి, అదే 10 మీటర్లు, అదే 4.5 ఎంఎం పెల్లెట్, కానీ ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల గుండ్రం 11.5 ఎంఎం, ఎయిర్ రైఫిల్‌లో 0.5 ఎంఎం, అంటే ఒక చుక్క. భుజానికి ఆనించిన గన్నుకీ చేత్తో పట్టుకున్న గన్నుకీ మధ్య అంత దూరం ఉందని వాళ్ళు టార్గెట్‌లోనే ఒప్పుకున్నారు. మనమేమో రెండిటికీ అవే ప్లేట్లు. కార్బైన్‌తో ఆ పెద్ద ప్లేట్లు కొడుతుంటే కొన్నాళ్ళకి అది గురి పోటీ కాదు, ట్రిగర్ ఎంత త్వరగా లాగుతావన్న పోటీ అయిపోయింది, నేను కార్బైన్ నెలల్లో ఏమీ కొత్తగా నేర్చుకోలేదనిపించింది. తర్వాత మేం నలుగురం ప్రాక్టీస్ రోజు సగం సైజు ప్లేట్లు పెట్టుకుని ఆడాం, అబ్బ, అప్పుడు తెలిసింది కార్బైన్‌లో ఎంత ఆట ఉందో! ఊపిరి చూసుకోవాలి, స్టాక్‌కి చెంప ప్రతిసారీ అదే చోట ఆనాలి, తొందరపడితే మిస్.

దగ్గర టార్గెట్ల గురించి కూడా ఒక మాట, కార్బైన్ మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుంది. రెడ్ డాట్ (గురి చూడ్డానికి ఎర్ర చుక్క చూపించే సైటు) బ్యారెల్ మీద రెండు, రెండున్నర అంగుళాల ఎత్తులో కూర్చుంటుంది, 10 మీటర్లకి జీరో చేసుకుంటే (ఆ దూరంలో డాట్ ఉన్నచోటే తగిలేలా సర్దుకుంటే) మూడు మీటర్ల దూరంలోని కార్డ్‌బోర్డ్ టార్గెట్ మీద పెల్లెట్ డాట్ కన్నా దాదాపు నాలుగు సెంటీమీటర్లు కిందకి తగులుతుంది. కింద నో-షూట్ (కొట్టకూడని) బొమ్మ ఉంటే పెనాల్టీ ఖాయం. బ్యారికేడ్ పక్కనుంచి కొట్టేటప్పుడు డాట్‌కి దారి క్లియర్‌గా ఉన్నా బ్యారెల్ ముందు చెక్క ఉండొచ్చు, అదీ చూసుకోండి. ఈ ఒక్క చోట పిస్టల్ వాళ్ళదే పైచేయి.

ఇన్ని చెప్పి కూడా కార్బైన్ ఉండాలని ఎందుకంటున్నానంటే, మా బ్యాచ్‌లో తెలుగువాళ్ళం బాగానే ఉన్నాం, మారతహళ్లి నుంచి, హోసూరు రోడ్డు నుంచి, హిందూపురం నుంచి చీకట్నే కార్లో బయల్దేరి వచ్చేవాళ్ళు కూడా, అందులో రిటైరైన బాబాయ్ ఒకాయన ఉన్నాడు, చెయ్యి వణుకుతుంది, ముందు సైటు మసకగా కనపడుతుంది. పిస్టల్ మానేసి స్కోరు రాయడానికి మాత్రమే వచ్చేవాడు. కార్బైన్ రూల్ వచ్చాక ఒక రోజు నా గన్ ఇచ్చి నిలబెట్టాను. "ఒరేయ్, చుక్క కనపడుతోందిరా, రెండు కళ్ళూ తెరిచే కొడుతున్నా" అన్నాడు. ఇప్పుడు ప్రతి నెలా వస్తున్నాడు, సొంత గన్ కొనుక్కున్నాడు, మనవరాలిని కూడా తెస్తున్నాడు. ఆ అమ్మాయి చేతికి పిస్టల్ బరువు, కార్బైన్ అయితే భుజం సాయంతో హాయిగా కొడుతోంది. ఈ ఇద్దరినీ వెనక్కి పంపేసే రూల్‌కి నేను ఓటెయ్యను.

ఐదుకి మూడున్నర ఇస్తా ఈ డ్రాఫ్ట్‌కి, సేఫ్టీకి పూర్తి మార్కులు, ర్యాంకింగ్ దగ్గర కోత. కమిటీని నేను అడిగేది: కార్బైన్‌కి వేరే డివిజన్, వేరే రిజల్ట్ షీట్, ఓవరాల్ అనే లిస్టే వద్దు, ప్లేట్లు సగం సైజువి. ఖర్చు ఎక్కువవుతుందని అనొద్దు, సగం సైజు ప్లేట్ల సెట్ వెల్డింగ్ చేయించడానికి అయ్యేది మేం నలుగురం వేసుకుంటాం, కొలతలు ఇస్తే వచ్చే మ్యాచ్‌కి ముందే తెచ్చి పెడతాం.