విదేశీ మిషన్‌కు బట్టలు: తిరుపతి గాంధీ రోడ్డు దర్జీ దుకాణం ఎంతవరకు పనికొస్తుంది?

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం, అంటే జనం మోర్మన్ చర్చి అని పిలిచే సంఘం, తరఫున విదేశీ మిషన్‌కు (మత ప్రచార సేవకు) పిలుపు వస్తే దానితోపాటే బట్టల జాబితా కూడా వస్తుంది. అబ్బాయిలకైతే తెల్లచొక్కాలు, ముదురు రంగు ప్యాంట్లు, సూటు, టైలు, బూట్లు. అమ్మాయిలకు స్కర్టులు, ప్యాంట్లు. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు ఆ జాబితాలోవే దిక్కు. ఆ జాబితా పట్టుకుని అందరూ నేరుగా రెడీమేడ్ షోరూముకి పోతుంటారు. తిరుపతిలో ఉన్నవాళ్ళకి ఆ అవసరం లేదు. గాంధీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో పాత దర్జీ దుకాణం ఉంది. చొక్కాలు, ప్యాంట్లు అక్కడ కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు. కోటుకు కాస్త ఆలోచించాలి. అమ్మాయిల స్కర్టులు మాత్రం ఇవ్వకండి.

ముందు ఆ బట్టలు పడే పాట్లు తెలియాలి. మిషనరీ పొద్దున 6:30కి లేచి, వ్యాయామం, చదువు ముగించుకుని బయటపడితే రాత్రి 9 దాకా రోడ్డు మీదే. 10:30కి లైట్లు ఆర్పాలి. 2017లో దినచర్యకు కొంత వెసులుబాటు ఇచ్చారు కానీ తిరుగుడు తగ్గలేదు. కొన్ని ఊళ్ళలో నడక, కొన్నిచోట్ల సైకిలు, కొన్నిచోట్ల బస్సు. సొంత పనులకు వారానికి ఒక్కరోజు, ప్రిపరేషన్ డే. వాళ్ళ నోట అది పీ-డే. వారం గుడ్డలన్నీ ఆరోజే ఉతకాలి, ఇస్త్రీ చేయాలి, సరుకులు తేవాలి, గది ఊడవాలి. ఇంటివాళ్ళతో మాట్లాడేదీ ఆరోజే. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఫోనుకీ, వీడియో కాల్‌కీ అనుమతి ఇచ్చారు కాబట్టి ఆ గంటకోసం మిగతా పనులు ఇంకా కుదించుకోవాలి. సాయంత్రమయ్యేసరికి మళ్ళీ తెల్లచొక్కా, టై, బయటి పని. అంటే పీ-డే రోజు కూడా ఉతికిన చొక్కా ఒకటి చేతికి అందాలి. ఎనిమిదికి తక్కువ చొక్కాలతో వెళ్ళినవాడు వారం చివర్లో మాసిన కాలర్‌తో తలుపులు తట్టాల్సి వస్తుంది.

గుడ్డ దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. ఈ దుకాణంలో గుడ్డ అమ్మరు, కుట్టుకూలి మాత్రమే. గుడ్డ మనమే కొని ఇవ్వాలి. 58 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే ఫుల్ చేతుల చొక్కాకు 1.6 మీటర్లు, 36 అంగుళాలది అయితే 2.25 మీటర్లు. నూటికి నూరు శాతం కాటన్ ఒంటికి హాయి. కానీ వానలు ఎక్కువున్న దేశంలో రెండు రోజులైనా ఆరదు, ముక్కిన వాసన పడుతుంది, ఇస్త్రీకి పీ-డేలో సగం పోతుంది. 65 శాతం పాలిస్టర్ ఉన్న టెరికాటన్ రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరుతుంది. అయితే చెమట వాసన వదలదు, కాలర్ దగ్గర ఉండలు కడుతుంది. ఫిలిప్పీన్స్, ఘనా లాంటి ఉక్కపోత దేశాలకు కాటన్ పాలు ఎక్కువున్న 60:40 మిశ్రమం మేలు. చలి దేశానికి టెరికాటన్ చాలు. 2020 నుంచి కొన్ని ప్రాంతాల్లో నీలం చొక్కాకీ అనుమతి ఉంది. అది మీ జాబితాలో రాసి ఉంటేనే కుట్టించండి.

కాటన్ ఏదైనా సరే, కత్తిరించకముందే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి నీడలో ఆరేయాలి. మామూలు షర్టింగ్ 3 శాతం కుంచించుకుపోయినా 16 అంగుళాల కాలర్ దాదాపు అరంగుళం తగ్గుతుంది. మెడ బొత్తాం పెట్టుకోలేకపోతే టై కట్టడం ఎలా? విదేశాల్లో బట్టలు ఆరబెట్టే మిషన్ల వేడికి ఇది ఇంకా ఎక్కువ. ఈ దుకాణంలో తడిపి ఆరబెట్టే పని వాళ్ళే చేస్తారు, కానీ అడిగితేనే. గుడ్డ ఇచ్చేటప్పుడు బిల్లు మీద "తడిపి కుట్టాలి" అని రాయించుకోవాలి.

కొలతలు తీసే తీరులోనే ఈ దుకాణం గొప్పతనం కనిపిస్తుంది. పెద్ద దర్జీ ఊరికే నిలబెట్టి టేపు వేయడు. "నైనా, చేతులు రెండూ ముందుకి చాపు, సైకిలు తొక్కతా ఉండావనుకో" అని, ఆ భంగిమలో వీపు కొలుస్తాడు. మామూలుగా కుట్టిన చొక్కా హ్యాండిల్ పట్టుకోగానే భుజాల మధ్య బిగుసుకుని, కొన్ని వారాల్లో చంక దగ్గర కుట్టు విప్పుకుంటుంది. ఇక్కడ వీపులో రెండు పక్కలా మడత వదులుతారు. చొక్కా కింద గార్మెంట్ (సంఘం ఆలయంలో ప్రమాణాలు చేసినవాళ్ళు లోపల తొడుక్కునే పవిత్ర వస్త్రం) వేసుకునేవాళ్ళకి మెడ, చంక దగ్గర ఇంకో అరంగుళం వదులు కావాలి. చెప్పకపోతే వాళ్ళకి తెలిసే అవకాశం లేదు కాబట్టి లోపల ఇంకో పొర ఉంటుందని చెప్పండి చాలు, ఇంకేమీ అడగరు.

ఇక కాలర్. రోజూ గడ్డం గీసుకునే మెడకు రాసుకుని ముందు చినిగేది అదే. రెడీమేడ్ చొక్కాల్లో, మామూలు దర్జీల దగ్గరా కాలర్ లోపల జిగురు బకరం (బిరుసుగా నిలవడానికి వేసే గట్టిగుడ్డ) వేసి ఇస్త్రీపెట్టెతో అతికిస్తారు. వేడి, ఒత్తిడి అంతటా సమానంగా పడకపోతే నాలుగు వేడినీళ్ళ ఉతుకులకే బకరం ఊడి కాలర్ బుడగలు లేస్తుంది. ఈ దుకాణంలో అడిగితే జిగురు లేని బకరం వేసి కుట్టి బిగిస్తారు. కాలర్‌కి రెండువైపులా ఒకే గుడ్డ వేస్తారు. దానివల్ల ఏడాది తర్వాత అంచు అరిగినా, అక్కడే ఏ దర్జీ చేతనైనా కాలర్ ఊడదీసి తిరగేసి కుట్టించుకోవచ్చు. చొక్కా ఇంకో ఏడాది బతుకుతుంది. అందుకే కాలర్ కొసలకు గుండీలు పెట్టించకూడదు. కాజా చిల్లులు ఉంటే తిరగేయడానికి పనికిరాదు.

జేబు గురించి కూడా చెప్పాలి. మిషనరీ నల్లటి నేమ్ ట్యాగ్ రోజంతా జేబు అంచునే వేలాడుతుంది. ఒంటిపొర జేబు ఆ బరువుకి ముందుకు వాలిపోతుంది, పిన్ను రకమైతే చిల్లులు పెద్దవవుతాయి. జేబు మూతి మడతలో వేలెడు వెడల్పు బకరం పట్టీ వేయమనండి. ఒక్కో చొక్కాకు నిమిషాల పని, అదనంగా డబ్బు అడగరు.

ఒకే ఇంట్లో నలుగురు మిషనరీలుంటే ముప్పై తెల్లచొక్కాలు ఒకే తాడు మీద ఆరతాయి. కాలర్ లోపల పేరు పట్టీ కుట్టి ఇవ్వడం ఈ దుకాణం అలవాటు. మంచి అలవాటే కానీ మన పద్ధతిలో ఇంటిపేరు ఒక్క అక్షరం చేసి కుడతారు. అక్కడ అబ్బాయిల్ని అందరూ పిలిచేది ఎల్డర్ (మిషనరీ బిరుదు) ఫలానా అని ఇంటిపేరుతోనే, ట్యాగ్ మీద ఉండేదీ అదే. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా పూర్తి ఇంటిపేరు కుట్టించండి. పాస్‌పోర్టులోనే ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే మాత్రం ముందు అది సరిచేయించుకోవాలి, వీసా దగ్గర ఇబ్బంది అవుతుంది.

ప్యాంట్లలో ఈ దుకాణానికి సాటి లేదు. ఒక్కోదానికి 58 అంగుళాల పన్నాలో 1.2 నుంచి 1.3 మీటర్ల గుడ్డ పడుతుంది. సైకిలు సీటు మీద ముందు అరిగిపోయేది తొడల సందు, వెనక కుట్టు. అక్కడ లోపల అదే గుడ్డతో రెండో పొర వేస్తారు. నడుం వెనక కుట్టులో అంగుళంన్నర గుడ్డ వదులుతారు. "రెండేండ్లలో ఒళ్ళొస్తాదో తగ్గతాదో ఎవురికి తెల్సు" అని పెద్దాయన లెక్క. అది నిజం. వంట రాని కుర్రాళ్ళు మొదటి నెలల్లో చిక్కిపోతారు, బ్రెడ్డు, నూడుల్స్ అలవాటయ్యాక ఒళ్ళు చేస్తారు. కాళ్ళ మడత లోపల మడమ తగిలేచోట నల్లపట్టీ కుట్టించుకుంటే అంచు చిరగదు. కుడికాలు గొట్టం మరీ వెడల్పు వద్దు, చెయిన్‌లో పడుతుంది.

కోటు సంగతికొస్తే, కుట్టు పరవాలేదు, లోపలి పనే నాసి. లోపలి గట్టిపొర (క్యాన్వాస్) పూర్తిగా జిగురుతో అతికించిందే, లైనింగ్ పలచన. కోటుకీ ప్యాంటుకీ కలిపి 3.25 మీటర్లు తీసుకునేటప్పుడు అదే తానులోంచి రెండో ప్యాంటుకి కూడా గుడ్డ కోయించండి. కోటు కంటే ప్యాంటు ఎప్పుడూ ముందు పోతుంది, తర్వాత ఆ రంగు గుడ్డ దొరకదు. ఇక్కడ ఒక్క సూటు చాలు. చలి దేశానికి వెళ్ళేవాళ్ళు ఓవర్‌కోటు, చేతి తొడుగులు ఇక్కడ కొనకండి. మన ఊరి దర్జీకి ఆ చలి తెలియదు. పైగా టికెట్ మీద రాసిన 23 కిలోల పెట్టెలో అదే మూడు కిలోలు తింటుంది.

అమ్మాయిలకు 2018 డిసెంబరు నుంచి ప్యాంట్లకు కూడా అనుమతి వచ్చింది కాబట్టి ఫార్మల్ ప్యాంట్లు ఇక్కడ కుట్టించుకోవచ్చు, బాగానే వస్తాయి. స్కర్టులు మాత్రం నడుం కుదరదు, కూర్చుంటే మోకాలు దాటి పైకి పోతాయి, రెండు సార్లు సరిచేసినా అంతే. దానికి లేడీస్ టైలర్ దగ్గరికి వెళ్ళడమే.

బూట్లు వీళ్ళ పని కాదు గానీ ఒక మాట. తమిళనాడులో తోలు పనికి పేరున్న రాణిపేట, ఆంబూరు మన చిత్తూరు నుంచి ఎంతో దూరం లేవు. తోలుబూట్లకి అక్కడికే వెళ్ళండి. అడుగు అతికించింది కాకుండా కుట్టింది అడగండి. అడుగు అరిగితే మార్చించుకోవచ్చు. రెండు జతలు తీసుకుని రోజు మార్చి రోజు వేస్తే లోపలి చెమ్మ ఆరి ఎక్కువకాలం వస్తాయి.

ఫిర్యాదులు రెండున్నాయి. కాజాలు వీళ్ళు బయట కాజా మిషన్ వాళ్ళకి పంపుతారు, చెప్పిన తేదీ తప్పేది అక్కడే. గుండీలు కూడా ఒంటిదారంతో వచ్చేస్తాయి. తీసుకునేటప్పుడు ఒక్కో గుండీ లాగి చూసి, వదులైతే అక్కడే మళ్ళీ కుట్టించండి. విడిగా డజను గుండీలు, దారం ఉండ, రెండు సూదులు అడిగితే ఇస్తారు. రెండోది రద్దీ. పెళ్ళిళ్ళ ముహూర్తాల్లో, సంక్రాంతికి రెండు వారాల ముందు నుంచి కొత్త పని తీసుకోరు. వీసా వచ్చేదాకా ఆగకుండా పిలుపు రాగానే గుడ్డ ఇచ్చేయడం క్షేమం.

చొక్కాలకు 5కి నాలుగున్నర, ప్యాంట్లకు 5, సూటుకు 3, స్కర్టులకు 1. కుట్టిన నెలలోపు బిల్లు తెస్తే సరిచేయడానికి డబ్బు తీసుకోరు. మిషనరీ శిక్షణ మొదట్లో కొన్ని రోజులు ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో జరుగుతుంది, ఆ తరగతులకు చొక్కా, టై వేసుకునే కూర్చోవాలి. బట్టలు దానికి ముందే ఇంటికి చేరేలా చూసుకుని, ఒక్కో చొక్కా రెండేసి సార్లు ఉతికి, ఆ రోజుల్లో అన్నీ తొడిగి చూడండి. ఇస్త్రీ కూడా కుర్రాడి చేతే చేయించండి. బిగుతు, పొట్టి, ఊడిన కుట్టు ఏదున్నా అప్పుడే బయటపడుతుంది, విమానం ఎక్కేలోపు దుకాణానికి తీసుకెళ్ళే వ్యవధి ఉంటుంది.