బల్క్ మెయిల్ సర్వీస్: పంపడం బాగుంది, నిఘా వద్దు

వరంగల్ కొత్తవాడ జంపఖానాలు అమ్మే మా చిన్న వ్యాపారానికి చాలాకాలంగా ఒక బల్క్ మెయిల్ సర్వీస్, అంటే ఒకేసారి చాలామందికి మెయిల్ పంపే సేవ, వాడుతున్నాం. కొత్త డిజైన్లు మగ్గం దిగినప్పుడు, దసరా ముందు, పాత కస్టమర్లకు మెయిల్ వెళ్తుంది. పంపడంలో వంక పెట్టడానికేం లేదు. తెలుగు అక్షరాలు చెదరవు, వద్దన్నవాళ్ల పేరు ఒక్క నొక్కుతో లిస్టులోంచి పోతుంది.

నాకు పేచీ ట్రాకింగ్‌తోనే, అంటే మెయిల్ ఎవరు తెరిచారో కనిపెట్టే ఏర్పాటుతో. అది మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. మెయిల్ అడుగున కంటికి కనిపించని 1×1 పిక్సెల్ బొమ్మ ఒకటి పెడతారు, ఒక్కొక్కరికి ఒక్కో లింకుతో. మెయిల్ తెరవగానే ఆ బొమ్మ సర్వర్ నుంచి వస్తుంది. ఎవరు, ఎన్ని గంటలకు తెరిచారో అక్కడ నమోదైపోతుంది. మా దగ్గర జంపఖానా కొన్న ఒక రిటైర్డ్ టీచరమ్మ రాత్రి ఎప్పుడు మెయిల్ చూసుకున్నారో నాకెందుకు? ఆమె అడ్రస్ ఇచ్చింది బిల్లు కోసం, కొత్త డిజైన్ల కబురు కోసం. పైగా ఎక్కువసార్లు తెరిచినవాళ్ల పేర్లు వేరే తీసి, వీళ్లకు ఫోన్ చేయండి అని సలహా కూడా ఇస్తుంది. దుకాణం ముందు ఆగి చూసిపోయిన మనిషి వెంట ఇంటిదాకా నడిచినట్టే ఇది. మేం ఆ ఫోన్లు చేయం.

మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి అంటే ఫలానా పనికని తెలిసి, స్పష్టంగా ఇచ్చేది అంటుంది. అడుగున దాచిన బొమ్మకు కస్టమర్ ఎప్పుడు సరేనన్నట్టు?

పోనీ ఆ లెక్కలైనా నమ్మదగ్గవా అంటే, అదీ లేదు. 2021లో ఐఫోన్ల ఐఓఎస్ 15 సాఫ్ట్‌వేర్‌తో ఆపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మనిషి మెయిల్ తెరవకపోయినా బొమ్మలు ముందే లోడవుతాయి. జీమెయిల్ 2013 నుంచే బొమ్మలను తన సర్వర్ల మీదుగా చూపిస్తోంది, కాబట్టి బొమ్మను అడిగేది గూగుల్ సర్వరే, కస్టమర్ ఫోన్ కాదు. ఆఫీసు మెయిళ్లలోనైతే చాలాచోట్ల లింకులను సెక్యూరిటీ సాఫ్ట్‌వేరే ముందు నొక్కి చూస్తుంది. అంటే ఎవరూ చదవని మెయిల్ కూడా రిపోర్టులో "చదివారు" అని రావచ్చు.

అందుకే ఈ ఓపెన్ ట్రాకింగ్ (తెరిచారో లేదో చూడడం) ఆపేశాం. నచ్చిన డిజైన్ పేరుతో ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి అని రాస్తున్నాం, అందరికీ ఒకటే కూపన్ కోడ్ ఇస్తున్నాం. ఏ రంగు పోతోందో, నేత వాళ్లకు ఏది చెప్పాలో తెలియడానికి ఇది చాలు. మేం అమ్మేది జంపఖానాలు, మనుషుల దినచర్య కాదు.

ఒక్కటి జాగ్రత్త. ఈ సర్వీస్‌లో పాత మెయిల్ కాపీ చేసి కొత్తది తయారుచేస్తే ట్రాకింగ్ మళ్లీ ఆన్ అవుతోంది. అకౌంట్ మొత్తానికి ఒకేసారి ఆపే స్విచ్ పెట్టమని అడిగాం, ఇంకా రాలేదు. అందుకే అందరికీ పంపేముందు మీ సొంత అడ్రస్‌కి ఒకటి పంపుకోండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి "షో ఒరిజినల్" నొక్కి, వెడల్పు (width) 1, ఎత్తు (height) 1 అని ఉన్న బొమ్మ ఎక్కడైనా మిగిలిందేమో వెతకండి.