గొలుసులు, బెల్టులు ఎక్కడ పెట్టాలి: కేబిన్‌లోనా, ఇనుప పెట్టెలోనా?

బరంపురం, ఛత్రపురం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిపై ప్లాట్‌ఫాం లారీలు (పక్క గోడలు లేని బల్లపరుపు బండ్లు) నడిపే మన తెలుగు డ్రైవర్లకు రాత్రి బండి ఆపితే ఇదే టెన్షన్. సరుకు దించాక, లోడు కట్టే గొలుసులు, రాట్చెట్ బెల్టులు (పిడితో బిగించే పట్టీలు) ఎక్కడ దాచాలి?

కేబిన్‌లో పెడితే ఖర్చు లేదు. మనిషి లోపలే పడుకుంటాడు కాబట్టి దొంగ సాహసించడు. బెల్టులకు ఎండ కూడా తగలదు. పాలిస్టర్ బెల్టు ఎండకు క్రమంగా బలం కోల్పోతుంది. కానీ బరువైన గొలుసులు అక్కడ వద్దు. సడన్ బ్రేక్ వేస్తే అవి ఎగిరొచ్చి మనిషికే తగులుతాయి.

ఛాసిస్‌కు (బండి కింది చట్రానికి) బిగించిన ఇనుప పెట్టె గొలుసులకు సరైన చోటు. అయితే చాలామంది మందపాటి రేకు చూసి కొని, తాళం మాత్రం చవకది వేస్తారు. కమ్మీ (తాళం వంపు కడ్డీ) బయటికి కనిపించే తాళాన్ని కట్టర్‌తో ఇట్టే తెంపుతారు. కమ్మీ లోపలే దాగి ఉండే గుండ్రటి తాళం తీసుకోండి. మడతబందుల బోల్టులు బయటికి ఉంటే అదీ వృథాయే, దొంగ మూతనే విప్పేస్తాడు. పెట్టె బిగించడానికి వెల్డింగ్ పని ఉంటే ముందు బ్యాటరీ తీగలు తీయించండి. డీజిల్ ట్యాంకు పక్కన మాత్రం వెల్డింగ్ వద్దే వద్దు.

నా మాట: బెల్టులు కేబిన్‌లో, గొలుసులు పెట్టెలో.

లోడు మీద బిగించి ఉన్నవాటికి ఈ రెండూ కాపలా కావు. బయలుదేరే ముందు ఒక్కొక్కటీ చేత్తో లాగి చూడాలి. ఒక బెల్టు పోతే డబ్బే కాదు, మలుపులో సరుకు జారి పక్కన బైక్ మీద వెళ్లేవాడి ప్రాణం పోవచ్చు. ఒకటి తగ్గినా, కొత్తది దొరికేదాకా బండి తీయకండి.