ఏడాదికి పైగా నెలనెలా చదివిన అబ్సల్యూట్ కామిక్స్: భయానకం ఎక్కడ నిలిచింది, బీభత్సం ఎక్కడ మిగిలింది

అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం నాడు దుకాణాలకు వస్తాయి. 2024 అక్టోబరులో కామిక్స్ ప్రచురణ సంస్థ డీసీ, తన పేరున్న వీరుల కథలను మొదటి నుంచి కొత్తగా చెప్పే ‘అబ్సల్యూట్’ వరుసను మొదలుపెట్టినప్పటి నుంచి, బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ దారిలోని కామిక్స్ షాపులో ఆగడం నాకు అలవాటైంది. ఏడాదికి పైగా అబ్సల్యూట్ బ్యాట్‌మన్, అబ్సల్యూట్ వండర్ ఉమన్, వాటితోపాటు ఓనీ ప్రెస్ వారి భయానక కథల పత్రిక ‘ఎపిటాఫ్స్ ఫ్రమ్ ది అబిస్’ సంచికలు కొని, ప్రతి సంచికనూ కనీసం మూడుసార్లు చదివాను. విడుదలైన రోజు రాసే అభిప్రాయానికీ, మూడోసారి చదివాక కలిగే అభిప్రాయానికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి ఇక్కడ రెండోదాని గురించే రాస్తున్నాను.

ముందుగా బ్యాట్‌మన్. స్కాట్ స్నైడర్ రాసి, నిక్ డ్రగోటా బొమ్మలు గీసిన ఈ కథలో బ్రూస్ వేన్‌కు (బ్యాట్‌మన్ అసలు పేరు) పాత కథల్లోలాగా తాతల ఆస్తి లేదు, బంగళా లేదు. తండ్రి బడిపంతులు, పిల్లలను జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లిన రోజున జరిగిన కాల్పుల్లో చనిపోతాడు. తల్లి మార్తా మాత్రం బతికే ఉంది. ఈ ఒక్క మార్పుతో కథ బరువంతా వేరే చోటికి చేరింది, ఎందుకంటే రాత్రంతా దెబ్బలు తిని వచ్చిన కొడుకు పొద్దున తల్లికి ముఖం చూపించాల్సి ఉంటుంది. డబ్బు లేని వీరుడి దగ్గర ఖరీదైన పరికరాలు ఉండవు కాబట్టి ఒంటి మీద వేసుకున్నదే ఆయుధం కావాలి. ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడివచ్చి గొడ్డలి తల అవుతుంది, ముసుగు చెవులు బాకులవుతాయి. డ్రగోటా ఈ మనిషిని ద్వారానికి అడ్డం పడేంత వెడల్పుగా గీశాడు. చిన్నచిన్న బొమ్మల గడులను ఇరుకుగా పేర్చి, మనకు ఊపిరాడని స్థితి తెచ్చి, పుట తిప్పగానే ఆ మనిషిని నిలువెత్తున నిలబెట్టే పద్ధతి మూడోసారి చదివినప్పుడు కూడా నా మీద పనిచేసింది.

అయితే ఈ వరుసలో నన్ను నిజంగా భయపెట్టినవి డ్రగోటా గీసినవి కావు. మిస్టర్ ఫ్రీజ్ అనే ప్రతినాయకుడి కథ నడిచే 7, 8 సంచికలకు మార్కోస్ మార్టిన్ బొమ్మలు గీశాడు. ఆయన గీత సన్నగా, శుభ్రంగా ఉంటుంది. పుటలో ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీలోనే చలి ఉంది, చూడకూడనిది ఏదో ఉందన్న అనుమానం ఉంది. ఆ తర్వాత 9వ సంచికతో మొదలై బేన్ అనే మరో ప్రతినాయకుడి చుట్టూ తిరిగే సుదీర్ఘ కథాభాగం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ శరీరాలు విరుగుతాయి, ఉబ్బుతాయి, రూపం మారతాయి. బ్రూస్ చిన్ననాటి స్నేహితులు కూడా అందుకు బలి అవుతారు. మొదటిసారి చదువుతూ నేను పుస్తకం కింద పెట్టలేకపోయిన మాట నిజమే. రెండోసారి మాత్రం ఏ పుటలో ఏముందో ముందే తెలుసు కాబట్టి వేగంగా తిప్పేశాను. మన అలంకార శాస్త్రం భయానకాన్నీ బీభత్సాన్నీ రెండు వేర్వేరు రసాలుగా ఎందుకు లెక్కపెట్టిందో ఈ రెండు కథాభాగాలను వెంటవెంట చదివితే తెలుస్తుంది. జుగుప్స ఒకసారికే ఖర్చయిపోతుంది, భయం మాత్రం తెలిసిన కథలో కూడా మళ్లీ పుడుతుంది.

ఆ భయం చివరిదాకా తగ్గకుండా నిలిచింది వండర్ ఉమన్‌లో. కెల్లీ థాంప్సన్ రచన, హేడెన్ షెర్మన్ చిత్రాలు, జోర్డీ బెలేర్ రంగులు. ఇక్కడి డయానా, అంటే వండర్ ఉమన్, పాత కథల్లోలాగా అమెజాన్‌లనే గ్రీకు పురాణ యోధ స్త్రీల స్వర్గంలాంటి దీవిలో పెరగలేదు. పసికందుగా ఉన్నప్పుడే నరకానికి చేరి, అక్కడ బందీగా ఉన్న సర్సీ అనే మంత్రగత్తె చేతుల్లో పెరిగింది. డయానా ఎక్కే గుర్రం పెగసస్ ఎముకల గూడు. ఆమె కత్తి ఆమెకన్నా పెద్దది. ఇంత భయంకరమైన సామగ్రి మధ్య ఈ కథ చెప్పేది పెంపకం గురించి, పెంచిన తల్లి మమకారం గురించి. నరకంలోకి వచ్చిపడిన స్టీవ్ ట్రెవర్ అనే సైనికుణ్ణి తిరిగి భూమికి పంపడానికి డయానా తన చేతినే బలి ఇచ్చే ఘట్టాన్ని ఇంకొకరైతే నెత్తుటితో నింపేవారు. థాంప్సన్ దాన్ని ఆమె స్వభావానికి గుర్తుగా మలిచింది. మొదటి కథలో గేట్‌వే సిటీ మీదికి వచ్చే టెట్రసైడ్ అనే మహాకాయం విషయంలోనూ అదే నేర్పు కనిపిస్తుంది: ముందు దాని అనుచరులు వస్తారు, తర్వాత ఊరి జనం మనసులు చెదురుతాయి, ఆపైనే అది కనిపిస్తుంది.

షెర్మన్ ఎదురెదురుగా ఉన్న రెండు పుటలను కలిపి ఒకే దృశ్యంగా పరుస్తారు, దాని మీద చిన్న గడులను అమరుస్తారు. ఈ సంగతి నాకు అనుకోకుండా బాగా అర్థమైంది. నా కోసం ప్రతులు తీసిపెట్టే షాపువారు 4వ సంచికను మరిచిపోయారు. అడిగితే అచ్చు ప్రతులు అయిపోయాయన్నారు. చేసేది లేక ఆ సంచికను ఫోన్‌లో చదివాను. ఒక్కో గడినీ విడదీసి చూపించే ఆ తెరమీద కథ తెలిసింది కానీ దృశ్యం తెలియలేదు. మూడు నెలల తర్వాత కాగితం ప్రతి దొరికి, ఒళ్లో పరుచుకుని చూసినప్పుడే ఆ పుటల అమరిక కంటికి ఆనింది. ఫోన్‌లో మాత్రమే చదివేవారు ఈ పుస్తకంలో సగం పోగొట్టుకుంటారని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను. సంచిక ఒక్కొక్కటి 4.99 డాలర్లు, అంటే ఒక వరుసకు ఏడాదికి సుమారు అరవై డాలర్లు. తక్కువేమీ కాదు.

‘ఎపిటాఫ్స్’ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1950ల మొదట్లో భయానక కామిక్స్‌కు పేరుపడిన ఈసీ సంస్థ, కామిక్స్‌లో ఏం చూపకూడదో నిర్దేశిస్తూ ప్రచురణకర్తలే పెట్టుకున్న 1954 నాటి కామిక్స్ కోడ్ దెబ్బకు ఆ పత్రికలను మూసివేయాల్సి వచ్చింది. ఆ ఈసీ పేరుమీదనే ఓనీ ప్రెస్ 2024 జులైలో ఈ కొత్త పత్రికను తెచ్చింది. సంచికలో కథలన్నీ చిన్నవి, కొసమెరుపు మీద నడిచేవి. నేరం చేసినవాడికి చివరి గడిలో తగిన శిక్ష పడుతుందని మొదటి పుటలోనే తెలిసిపోతే ఇక భయపడటానికి ఏమీ మిగలదు, చాలా కథల్లో ఇదే ఇబ్బంది. ముఖచిత్రాలు మాత్రం గోడకు తగిలించుకోదగినవి.

భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గీసిన చందమామ బొమ్మలో చూస్తూ పెరిగినవాణ్ణి నేను. వీరుడూ బేతాళుడూ ఒకే పుటలో ఉండటం నాకు కొత్త కాదు. బహుశా అందుకే నరకం నుంచి వచ్చిన డయానా నాకు ఇంత దగ్గరైంది.

పోయిన నెల షాపులో నా జాబితా మార్పించాను. ‘ఎపిటాఫ్స్’ కోవలోని ఈసీ పత్రికలు ఇక వద్దన్నాను. బ్యాట్‌మన్‌ను ఇకమీదట సంపుటాలుగా వచ్చినప్పుడే కొంటాను. చాలా సంచికలు ఒకేసారి చదివితే ఆ హింస కథలో ఇమిడిపోతుందేమో చూడాలి. వండర్ ఉమన్ మాత్రం వచ్చిన బుధవారమే తీసిపెట్టమని, ఈసారి మరిచిపోవద్దని గట్టిగా చెప్పి వచ్చాను.