గుండె చూస్తుందని అమ్మే చేతివాచీతో జాగ్రత్త

నిన్న రాత్రే నాన్నగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. కోపం ఇంకా తగ్గలేదు. పండగ ఆఫరంటూ ఆటోకి మైకు కట్టి కోనసీమంతా తిప్పారే, ఆ కొట్లోనే 3,200 పెట్టి వాచీ కొన్నాను. "ఈసీజీ కూడా తీస్తుందండి, గుండెలో తేడా వస్తే మోగుతుంది" అన్నాడు కొట్టతను. నమ్మాను.

నాన్నగారికి 76. పది రోజులుగా కాలవగట్టు ఎక్కితే ఆయాసం, ఒకటే నీరసం. దడగా ఉందని ఒక్కసారీ అనలేదు. వాచీలో గుండె వేగం నిమిషానికి 82, పచ్చగుర్తు. "ఎండకి నాన్నా, పడుకో" అన్నది నేనే. ఆ మాట తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు.

సోమవారం పెరట్లో కళ్లు తిరిగి కొబ్బరిచెట్టు పట్టుకుని కూలబడ్డారు. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే 148! అప్పుడూ వాచీలో 86. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు డాక్టరుగారు. గుండె పైగదులు వణుకుతాయట, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి పోతే పక్షవాతం. ఆ ప్రమాదం మామూలువాళ్ల కంటే సుమారు ఐదు రెట్లట. గుండె కొట్టుకునే దెబ్బల్లో కొన్ని బలం లేక మణికట్టు దాకా రావు, అందుకే వాచీ తక్కువ చూపించిందన్నారు.

వాచీ తిరిగిద్దామని వెళ్తే అతను డబ్బా తిరగేసి, చీమతలంత అక్షరాలు గోటితో చూపించాడు. "వైద్యానికి కాదని రాసుందిగా. డెబ్బయ్యారేళ్లాయనకి ఆయాసం రాక ఏమొస్తుందండీ?" అన్నాడు. ఇంకో పెద్దాయన చేతికి అదే వాచీ కడుతూ అన్నాడా మాట! ఆయన నా మొహంలోకి చూస్తుంటే నాకు గొంతు పెగల్లేదు. అప్పుడే చెప్పాల్సింది.

ఈసీజీ తీసే వాచీ అయితే రెండో చేతి వేలు దాని లోహం మీద ఆనించాలి. అడుగున పచ్చలైటు ఒక్కటే ఉంటే అది నాడి లెక్కే. పెద్దవాళ్ల మణికట్టు పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టండి. కూర్చుని ఉన్నప్పుడు కూడా వంద దాటినా, దెబ్బకీ దెబ్బకీ ఎడం సమంగా లేకపోయినా ఈసీజీ తీయించండి. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే 108.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. ఆ కొట్లో అదే వాచీ కొన్నవాళ్లు బిల్లు పారేయకండి.